దుమ్ము కొలిచే పెట్టె

వీధి చివర లాండ్రీ నడిపే ఆవిడను పిల్లా పెద్దా అందరూ లాండ్రీ అక్క అనే పిలుస్తారు. మాసింది ఏది కనబడినా ఆమె చేతులు ఊరుకోవు. మొగుడిని మొదటిసారి చూసినప్పుడు చొక్కా జేబు మీది ఇంకు మరక తప్ప మొహం గుర్తులేదని తనే చెబుతుంది.

లాండ్రీ వెనక బట్టలారేసే పెరడు ఉంది. గోడ దాటితే బీడు, బీడు దాటితే గని. ఆసుపత్రి దుప్పట్లు ఆరేయడానికి వేరే చోటు లేదు. ఆ పెరడు పోతే లాండ్రీ మూసుకోవాల్సిందే.

ఈమధ్య ప్రభుత్వం గనుల విధానం మార్చింది. ఊరివైపు దుమ్ము తక్కువని తేలితే గని హద్దును ముందుకు జరపవచ్చు. దుమ్ము కొలిచే పెట్టెను తెచ్చి ఆ పెరట్లోనే పెట్టారు. పెట్టె గాలిని పీల్చి, దుమ్మును లోపలి తెల్ల కాగితానికి పట్టిస్తుంది. ప్రతి బుధవారం టెక్నీషియన్ వచ్చి ఆ కాగితాన్ని తూకానికి పట్టుకెళ్ళి కొత్తది పెడతాడు.

"దీన్ని కాస్త చూసుకుంటుండనా తమ్ముడూ?" అని మొదటి రోజే అడిగింది అక్క.

"చూసుకో అక్కా, పుణ్యముంటుంది," అన్నాడతను స్కూటర్ ఎక్కుతూ.

అక్క చూసుకుంది. రెండో రోజు పెట్టె మూత తీసి చూస్తే అప్పుడే కాగితం బూడిదరంగుకు తిరిగింది. ఇలా మాసిందేమని ఆఫీసులో అతన్ని తిడతారేమో పాపం అనుకుని, పట్టు బట్టల బ్రష్‌తో నెమ్మదిగా దులిపింది. ఆ తర్వాత రోజూ సాయంత్రం దుప్పట్లు మడతపెట్టాక అదొక పని అయింది.

మూడు నెలలకు గోడ మీద నోటీసు అంటించారు. మొగుడు ఇస్త్రీ ఆపి పైకి చదివాడు.

"మన వీధిలో దుమ్ము దాదాపు లేదట. గని హద్దులోకి మన పెరడు కూడా వస్తుందట. అభ్యంతరాలుంటే సోమవారం చెప్పాలట."

"దుమ్ము లేకపోతే రోజూ నేను దులిపేదేమిటి, పౌడరా?"

"ఎక్కడ దులిపావు?"

"ఆ పెట్టెలో."

మొగుడు ఆమెను చూశాడు, నోటీసును చూశాడు. "ఇంట్లో ఇన్ని బట్టలుండగా నీకు ప్రభుత్వం కాగితమే దొరికిందా?"

"ఉతకలేదుగా. దులిపానంతే."

"నయం. ఉతికి ఇస్త్రీ కూడా చేసుంటే గనిని ఈ బల్ల మీదికే తెచ్చేవాళ్ళు."

సోమవారం స్కూలు హాల్లో జనం కూర్చున్నారు. అభ్యంతరాలు వినడానికి గనుల శాఖ అధికారి వచ్చాడు. అక్క లేచి జరిగింది జరిగినట్టు చెప్పింది. హాలంతా నవ్వింది. అధికారి మాత్రం నవ్వలేదు.

"మూడు నెలల కొలతలమ్మా. మీరు దులిపారనడానికి రుజువేమిటి?"

వెనక నుంచి టెక్నీషియన్ లేచాడు.

"ఫైల్లోనే ఉంది సార్. రెండు వారాలు కాగితం కొత్తదానికన్నా తేలిగ్గా తూగింది. తక్కెడ పాడైందేమో అనుకున్నాను."

అధికారి పేజీలు తిప్పి ఆ రెండు అంకెల దగ్గర వేలు పెట్టాడు. "దుమ్ము పడకపోవచ్చు. కాగితం తరిగిపోవడమేమిటి?"

"దుమ్ము గట్టిగా పట్టిన రోజున నేనూ కాస్త గట్టిగానే దులిపాను సార్," అంది అక్క.

అనుమతి ఆపి, నెలరోజులు మళ్ళీ కొలవమని అధికారి రాశాడు. పెట్టెకు తాళం వేయాలి. వానొస్తే తెరిచి చూడటానికి తాళంచెవి దగ్గర్లోనే ఉండాలి.

"నాకు మాత్రం ఇవ్వకండి సార్," అంది అక్క. "అది నల్లబడుతోందని తెలిస్తే నాకు అన్నం సహించదు."

"మీ ఆయనకివ్వమంటారా?"

"నేనడిగితే ఆయన ఇచ్చేస్తారు. వెనక వరసలో కూర్చుందే, నా తోడికోడలు, పక్క వాటాలోనే ఉంటుంది. ఆరేళ్ళుగా నేనేం అడిగినా లేదనే అంటుంది. ఆవిడకివ్వండి."

తోడికోడలు తాపీగా ముందుకొచ్చి, తాళంచెవి తీసుకుని పర్సులో వేసుకుంది. "కాళ్ళావేళ్ళా పడ్డా ఇచ్చేది లేదు అక్కా, ముందే చెబుతున్నా."

"ఆ మాట మీదే ఉండు తల్లీ," అంది అక్క. "ఈ నెల్లాళ్ళూ నీతో పోట్లాడను."