పంచాంగం చూసి లారీకి చార్జింగు

మా కొడుకు డీజిల్ లారీ అమ్మి బ్యాటరీ లారీ తెచ్చిండు. సర్కారు రోడ్డు టాక్సు మాఫీ చేసిందని వినంగనే నేనే తెమ్మన్న. పొగ లేదు, సప్పుడు లేదు, డీజిల్ ఖర్చు లేదు. నాకింకేం గావాలె?

తెచ్చినంక తెలిసింది తక్లీఫు. బోయిగూడల మా గల్లీలకు లారీ రాదు. మెయిన్ రోడ్డు మీది చార్జింగ్ స్టేషన్ కార్ల కొలతకు కట్టిండ్రు. ఆ రేకుల కిందికి లారీ దూరదు, బయట పెడితే సగం బండి రోడ్డు మీదనే. టాక్సు వదులుకున్న సర్కారు బండి నిలబెట్ట జాగ సుత చూడాలె గద!

పార్సిల్ కంపెనీవాళ్లు ఒకటే మాటన్నరు. చార్జింగుకు పక్కా జాగ చూపెడితే రైల్వే స్టేషన్ నుంచి సామాను మోసే పని మావానికే. లేకుంటే వాడు మళ్ల ఎవరి లారీనో నడుపుకుంట నాగపూర్ దిక్కు పోవాలె. వారానికొకసారి మొఖం చూసుడు నాకు పడది.

మా బస్తీ మూలకు ఫంక్షన్ హాలున్నది. పెద్ద వాకిలి, ఏసీలు నడిచే కరెంటు లైను. మూఢంల లగ్గాలుండవు, గేటుకు తాళమే. పంచాంగం చంకల పెట్టుకొని హాలు సేటు దగ్గరికి పోయిన.

"సేటూ, మూఢం ఎల్లేదాక మా లారీ ఈడ చార్జింగు పెట్టుకుంటది. బ్యాటరీ బండ్లకు కరెంటోళ్లు వేరే మీటరిస్తున్నరు, బిల్లు మాది."

"పెండ్లికి అడ్డమొస్తే ఎట్లమ్మా?"

"తారీఖులు చూసే పూచీ నాది."

"సరే. ఒక్క పెండ్లికి అడ్డమొచ్చినా ఆ రోజే బంద్."

కొన్ని రోజులు చిల్లర కిరాయిలతోటి మంచిగ నడిచింది. ఒకరోజు పొద్దుగాల నేను, మావాడు లారీకి వైరు తగిలిచ్చి కూసున్నం. పూలు కట్టిన కారు గేట్లకు వచ్చింది, దాని ఎనుక ఇంకిన్ని. సేటు ఉరికొచ్చిండు.

"ఏందమ్మా, తారీఖులు చూస్తనని పెండ్లి ఉన్నరోజే లారీ పెట్టినవ్?"

"మూఢంల పెండ్లేందీ?" అన్న, పంచాంగం తెరుసుకుంట.

అత్తరు వాసనతోటి పెండ్లిపిల్ల తండ్రి దగ్గరికొచ్చిండు. "అమ్మా, మా నికాకు మీ మూఢం ఏం అడ్డం?" అన్నడు.

అందరు నవ్విండ్రు. నాకు ఒళ్లు మండింది, నవ్వు సుత వచ్చింది. బండి తీద్దామంటే బ్యాటరీ నిండలే, మధ్యాహ్నం ఒప్పుకున్న కిరాయి లోడు పోదు. సేటు చెయ్యి వైరు మీద పడ్డది.

"ఆగు సేటూ," అన్నడు ఆ పెద్దమనిషి. "అమ్మా, ఇది సప్పుడు చేస్తదా?"

"చెయ్యది భాయ్."

"పొగ?"

"రాదు."

"మరి ఉండనియ్యుండ్రి. మా ముసలోళ్ల కుర్చీలు దీని నీడల ఏయిస్త."

డీజిల్ లారీ పక్కన ఎవరన్న కూసుంటరా? గంటసేపు ఆ నీడల ముసలోళ్లు ముచ్చట్లు పెట్టిండ్రు. ఒకాయన ఫోను చూపెట్టి, "దీనికి సుత జెర చార్జింగ్ దొరుకుతదా?" అన్నడు.

"పెట్టుకోండ్రి, మీటరు మాదే," అన్న. మళ్ల నవ్వులు.

పెండ్లోళ్లు పోయినంక సేటు గడ్డం గోక్కుంట వచ్చిండు. "వెనక గోడ దిక్కు వేరే గేటున్నది. లారీ ఆడ పెట్టుకోండ్రి. మూఢమైనా లగ్గమైనా నాకు ఫరక్ లేదు."

తెల్లారి కంపెనీ మనిషిని తోలుకొచ్చి ఆ జాగ చూపెట్టినం. పని మావానికే వచ్చింది. కంపెనీ మొదటి లోడు దింపి, అన్నం సల్లారకముందే ఇంటికొచ్చిండు.

"కూసో," అన్న. "పప్పు జెర తక్వ ఏసుకో. రాత్రికి సుత ఇంట్లనే గద, అదే పప్పు."