బస్తాల చాటున మా పిల్ల

ఈ రోజు మధ్యాహ్నం గాంధీ గంజ్ ధాన్యం మార్కెట్‌లోని మా దుకాణంలో, కొనేవాళ్లకు చూపించడానికి పెట్టిన కందులు, పెసలు, మినుముల శాంపిళ్లన్నీ మా ఏడేళ్ల అమ్మాయి ఒకే పళ్లెంలో కలిపేసింది. పదిమంది ముందు దాని మీద అరిచాను. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే పిల్ల లేదు.

బయట లారీలు రివర్స్ తీసుకుంటున్నాయి. పేరు పెట్టి పిలుస్తూ, ప్రతి లారీ కిందికీ వంగి చూస్తూ పరిగెత్తాను. దొరకగానే రెండు తగిలించాలని కూడా అనుకున్నాను. చివరికి మా హమాలీ సాయన్న చెయ్యి ఊపాడు. పిల్ల మా దుకాణంలోనే, కందుల బస్తాల వెనక ముడుచుకుని కూర్చుంది.

"బయటికి రా బిడ్డా."

"కొట్టనంటెనే వస్త."

బస్తాల ముందే నేల మీద కూర్చున్నాను.

"కొట్టను. గంతసేపు పిలిస్తే ఇనవడలేదా?"

"ఇనవడ్డది నాయినా. నువ్వు గుస్సగ పిలుస్తున్నవని రాలే."

నేను భయంతో పిలిచాను. దానికి వినిపించింది కోపం.

ఇప్పుడిద్దరం కూర్చుని ఆ గింజలు వేరుచేస్తున్నాం. పెసలు దానివి, మినుములు నావి. మీరూ ఇవాళ మీ పిల్లల్ని అడిగి చూడండి, మీరు పిలిస్తే వాళ్లకు ఏం వినిపిస్తోందో.