చిన్నాయన దవడ వాపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక దవడ వాపును సాక్ష్యంగా దాచిపెట్టారు. అది మా చిన్నాయన ఎడమ దవడ. అలా దాచిపెట్టడానికి కారణం పదేళ్ళ నేను.

సింహాద్రిపురం దగ్గర పల్లె మాది. ఊరు రెండు పార్టీలుగా చీలి ఉండేది. ఓట్ల రోజు బడి ముందర తోపులాటలో చిన్నాయన కింద పడ్డాడు. వారానికి దవడ వాచింది, పళ్ళు కదిలాయి. ఎవరు కొట్టారని మా తాత అందరినీ అడుగుతుంటే, పెద్దవాళ్ళంతా నావైపు చూడాలన్న ఆశతో, "ఎదురింటి మామ రాయితో కొట్టినాడు, నేను చూసినా" అన్నాను. ఆ మామది అవతలి పార్టీ.

"నన్నెవురూ కొట్టలేదు నాయనా," అన్నాడు చిన్నాయన.

"భయపడి చెప్తాండావు. నీకంటే ఈ పిల్లోడే మొగోడు," అన్నాడు తాత. ఆ మాటకు ఎంత పొంగిపోయానో రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

కేసు పెట్టారు. ఎదురింటి మామ ఊరు వదిలిపోయాడు. కేసు తేలేదాకా ఆ దవడ మీద ఎవరి చెయ్యీ పడకూడదన్నాడు తాత. పన్ను పీకితే, వాపు తగ్గితే కేసు నిలవదట. మూడు నెలలు చిన్నాయన సంగటి మాని జావ తాగాడు. వాపు చీనీకాయంత, బత్తాయంత అయింది.

చివరికి నొప్పికి ఓర్వలేకపోతే ప్రొద్దుటూరులో పంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. దెబ్బ సంగతి చెప్పడానికి నన్నూ తీసుకుపోయారు.

"సాక్షులు నాకొద్దు పెద్దాయనా," అన్నాడు డాక్టరు. చిన్నాయనను కళ్ళు మూసుకోమని, దూది తగిలినప్పుడల్లా చెయ్యెత్తమన్నాడు. కింది పెదవికి కుడివైపు తాకించగానే చెయ్యి లేచింది. ఎడమవైపు తాకించాడు. లేవలేదు. సూదితో గుచ్చాడు. నెత్తురు బొట్టు గడ్డం మీదికి జారుతోంది. చిన్నాయన కళ్ళు మూసుకునే నవ్వుతూ, "ఏంది సారూ, ఇంగా మొదలుపెట్టలేదా?" అన్నాడు.

నేను తాత వెనక్కి జరిగాను.

"ఈ తిమ్మిరి ఎప్పట్నించి?"

"ఓట్లకు ముందు నుంచే సార్. బీడీ కాలినా తెలీలేదు. ఈ పిల్లోనికీ తెలుసు."

తెలుసు. కాలిన ఆ పెదవిని చూసి ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

దెబ్బకు ఇలా కాదనీ, ఎముకలోనే పుట్టి నరాన్ని తినేసే అరుదైన క్యాన్సర్ కావచ్చనీ డాక్టరు అన్నాడు. ఎక్స్‌రే తీసి, ముక్క తీసి మద్రాసుకు పంపితే అదే నిజమైంది. అక్కడ సగం దవడ తీసేశారు. మూడు నెలల ముందు వచ్చుంటే ఇంత తీసే పని ఉండేది కాదన్నారు. తాత నావైపు చూడలేదు. చిన్నాయన చూశాడు.

రెండేళ్ళు జావతోనే బతికి, చిన్నాయన చనిపోయాడు. నేను అబద్ధమాడానని ఎవరికీ చెప్పలేదు. క్యాన్సర్ మాట తాత ఊళ్ళో ఎత్తనివ్వలేదు. రాయిదెబ్బకే దవడ పోయిందని ఇప్పటికీ అంటారు. ఎదురింటి మామ మళ్ళీ ఊరికి రాలేదు. ఆయన పిల్లలు లింగాలలో ఉన్నారని విన్నాను. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను.

రోజూ గడ్డం గీసుకునేటప్పుడు కింది పెదవిని రెండువైపులా తాకి చూసుకుంటాను. రెండువైపులా స్పర్శ తెలుస్తుంది. ఆ రోజు మామ చేతిలో రాయి లేదు. నేను చూసింది, అంతకు ముందే కాలిన చిన్నాయన పెదవిని.