దలిసాయ్ పెసర మొక్కలు

గిమరాస్ దీవి బడిలో ఇరవై రెండేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్న లుడివినా మేడమ్‌కి కాకిలెక్కలు చూస్తే ఒళ్లు మంట. కళ్లారా చూసిందే రాయాలంటుంది.

కంప్యూటర్ ప్రయోగశాలలో ఒక్కొక్కరికి రెండు పెసర మొక్కలు. రోజూ ఎవరి పాస్‌వర్డ్‌తో వాళ్లు తెరిచి, మీట నొక్కి నీళ్లు పోయకపోతే తెరమీదే వాడిపోతాయి. జూన్‌లో పడవ మునిగి చనిపోయిన విద్యార్థిని దలిసాయ్ మొక్కలు మాత్రం సెప్టెంబరులోనూ పచ్చగానే ఉన్నాయి. ఆ దీవి ఆచారంగా అడవిలో కంటికి కనపడని ఆత్మలని దారి అడిగినట్టే, పిల్లలు ఆమె ఖాళీ కుర్చీని "కాస్త దారివ్వండి" అని అడిగి మరీ దాటుతున్నారు.

"అది దయ్యమై వచ్చి పోస్తోంది మేడమ్," అన్నాడు దలిసాయ్ పక్కన కూర్చునే క్రిసాంతో.

"వాగకు! పరీక్షించి చూపించు. ఇన్నాళ్లూ గోడలకా చెప్పాను?"

దయ్యానికి తాళాలు అడ్డం కావు, మనుషులకే అడ్డం. అలా తర్కించుకుని, దలిసాయ్ పాస్‌వర్డ్ తెలిసిన క్రిసాంతో దాన్ని గుట్టుగా మార్చేశాడు.

మూడు రోజుల్లో రెండు మొక్కలూ తలలు వాల్చేశాయి. ఆ ఉదయం మేడమ్ కళ్లు వాచి ఉన్నాయి. పాఠం మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

సాయంత్రం ఆమె నోటు పుస్తకాలు దిద్దింది. ఫలితం దగ్గర అందరూ ఒకే మాట రాశారు: "దయ్యమే." క్రిసాంతో పుస్తకంలో ఒక చీటీ, దానిమీద దలిసాయ్ మొక్కల కొత్త పాస్‌వర్డ్.

దాంతో ఆ మొక్కలకి ఎప్పట్లాగే నీళ్లు పోసి, ఇరవై రెండేళ్లలో మొదటిసారి, ఆమె అబద్ధపు ఫలితానికి టిక్కు పెట్టింది.