తాళం అడగడానికి వెళ్ళాను, తప్పిపోలేదు

మా చిన్నప్పుడు... నేను ఫ్రాన్స్‌లో తప్పిపోయానట. ఈ కథ మా నాన్న నోట వినని తెలుగువాళ్ళు అమెరికాలో మా ఊరు నోవైలో లేరు. పోయిన శనివారం లత ఆంటీ వాళ్ళింట్లో, తలా ఓ వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో మళ్ళీ చెప్పారు.

ఈసారి నవ్వి ఊరుకోలేకపోయాను. ఎందుకంటే ఫ్రాన్స్‌లో పాత చర్చిల్లాంటి రాతి కట్టడాలు బాగుచేయడం నేర్పే బడిలో నాకు సీటు వచ్చింది. రెండేళ్ళ కోర్సు. శుక్రవారంలోగా జవాబు చెప్పాలి. సరిగ్గా అప్పుడే ఈ కథ బయటికొచ్చింది...

"పార్కింగ్ లాట్‌లో తను పెట్టిన కారే దొరకదు దీనికి. ఆల్రెడీ ఒకసారి తప్పిపోయిన కేసు! మళ్ళీ అక్కడికే ఒక్కదాన్నే పంపమంటారా?" అన్నారు నాన్న, బిర్యానీ కలుపుకుంటూ. అందరూ నవ్వారు.

"అయినా ఇంజినీరింగ్ చదివింది రాళ్ళు కొట్టుకోడానికా?" అని అమ్మ.

"ఈ చర్చిల పిచ్చేంటే తల్లీ... మతం గానీ మారిపోతావా ఏంటి?" అని ఆంటీ, నా ప్లేట్‌లో ఇంకో గారె వేస్తూ.

అందుకే అసలు జరిగింది ఇక్కడ రాస్తున్నాను.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నాన్న కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజినీరు. ఏడాది పని మీద అక్కడి ప్లాంట్‌కి పంపితే, ముగ్గురం దక్షిణ ఫ్రాన్స్‌లో కొండల నడుమ ఓ పల్లెలో ఉన్నాం. ఒక రొట్టెల కొట్టు, ఒక బడి, రోజూ మధ్యాహ్నం మూసేసే పోస్టాఫీసు... నన్ను ఆ బడిలోనే వేశారు. ఆరు నెలలు తిరిగేసరికి ఫ్రెంచ్ వచ్చేసింది. ఇంట్లో ఇంకెవరికీ రాలేదు.

శనివారం వస్తే సైట్ సీయింగ్. అమ్మ తెల్లారే లేచి పులిహోర కలిపి స్టీలు క్యారియర్‌లో సర్దేది. ఊరి ఆఫీసులో ఇచ్చిన, చూడాల్సిన చోట్ల కరపత్రం నాన్న స్టీరింగ్ మీద పరిచి టిక్కులు పెట్టేవారు. పాత చర్చి... టిక్కు. మూడు కమానుల వంతెన... టిక్కు. జలపాతం... రోడ్డు మీంచే కనిపిస్తోందిగా, టిక్కు.

ఇంజను ఆపేవారు కాదు. "దిగండి దిగండి... నవ్వండి... ఎక్కండి!" చుడీదార్ మీద నాన్న స్వెటర్ వేసుకున్న అమ్మ, పక్కన నేను, వెనక మూసిన తలుపు. ఏ చర్చి చూసినా మూసే ఉండేది. మా ఆల్బమ్ తిరగేస్తే తెలుస్తుంది, ఫ్రాన్స్‌లో మేం చూసొచ్చింది తలుపుల్ని.

ఆ తలుపుల మీద చాలాచోట్ల చిన్న కాగితం అంటించి ఉండేది. తాళంచెవి ఫలానా ఇంట్లో ఉంది, అడిగి తీసుకోండి అని. అక్కడి పల్లెల్లో అదే పద్ధతి. నేను చదివి చెప్పేదాన్ని...

"ముక్కూ మొహం తెలియని వాళ్ళ తలుపు కొట్టి తాళం అడుగుతామా? సిగ్గుండక్కర్లా? ఎక్కు కారు!"

ఎన్ని శనివారాలు విన్నానో నాన్న నోట ఆ మాట.

వేసవి ముందు ఒక శనివారం, ఏటి ఒడ్డున ఓ చిన్న చర్చి. వంతెన అవతల నీలం కిటికీల ఇంట్లో తాళం ఉందని కాగితం మీద రాసి ఉంది. ఆ కిటికీలు నేను నిలబడ్డ చోటికి కనిపిస్తూనే ఉన్నాయి. నాన్న కెమెరా బ్యాటరీలు మారుస్తున్నారు. అమ్మ క్యారియర్ విప్పుతోంది.

"అమ్మా, నేనెళ్ళి తాళం తెస్తా."

"ఊఁ" అంది అమ్మ.

వెళ్ళాను.

వంతెన మధ్యలో ఆగి కిందకి చూశాను. ఆకుపచ్చటి నీళ్ళు, అడుగున గులకరాళ్ళు... పిట్టగోడ ఎండకి వెచ్చగా ఉంది. అన్ని వంతెనల ముందు ఫొటోలు దిగామా, ఒక్కదాని మీదా నడవలేదని అప్పుడు తట్టింది.

తలుపు తీసిన ముసలావిడ చేతులకి పిండి. నా అరచెయ్యంత తాళంచెవి తీసుకుని తనే వెంట వచ్చింది. మేం వెళ్ళేసరికి కారు దగ్గర ఎవరూ లేరు. నన్ను వెతుక్కుంటూ ఏటి వెంట కిందకి వెళ్ళారన్న సంగతి నాకప్పుడు తెలియదు. లోపలికి వెళ్ళాం.

చలి... తడి సున్నం వాసన... ఆవిడ నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్ళి రాళ్ళ మీద గుర్తులు చూపించింది. ఒకటి చేపముల్లులా, ఒకటి బాణంలా. ఏ రాయి ఎవరు చెక్కారో తెలియడానికి పనివాళ్ళు పెట్టుకున్నవట. నా వేలు పట్టుకుని ఆ గాడిలో పెట్టింది. తీయబుద్ధి కాలేదు.

బయటికొచ్చేసరికి అమ్మ ఏడుస్తోంది. నాన్న ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసిపోయింది. నా రెక్క పట్టుకుని లాగి ఒక్కటి వేశారు. ఆవిడ అడ్డం వచ్చి నాన్నతో గట్టిగా ఏదో అంది.

"ఏమంటోంది?" అన్నారు నాన్న.

"నేను తప్పిపోలేదంట. కాగితం చదువుకుని సరిగ్గా వాళ్ళింటికే వచ్చానంట. మిమ్మల్ని కూడా లోపలికి రమ్మంటోంది."

"ఆవిడెందుకంటుంది అంత మాట? నువ్వే కల్పించి చెప్తున్నావ్!"

ముగ్గురిలో ఫ్రెంచ్ వచ్చింది నాకొక్కదానికే. నా తరఫు సాక్షి మాట కూడా నా నోటితోనే చెప్పాలి. ఎవరు నమ్ముతారు? నాన్న ఆవిడకి నాలుగుసార్లు సారీ చెప్పి, ఆ ఏడాదిలో తెరిచి ఉన్న ఒకే ఒక్క చర్చి ముందు నుంచి నన్ను లాక్కెళ్ళి కారెక్కించారు. తను "ఊఁ" అన్న సంగతి అమ్మ ఈరోజుకీ ఒప్పుకోదు.

తర్వాత కథ పెరిగింది. అరగంట రెండు గంటలైంది. ఓ ఏడాది పోలీసులొచ్చారు. మొన్న శనివారం ట్రాక్టరు కూడా వచ్చింది... నేను దాని మీద దొరికానట. స్కూల్ ట్రిప్ అంటే ఇదే కథ, వేరే ఊళ్ళో కాలేజీ అంటే ఇదే కథ, రోడ్ ట్రిప్ అంటే ఇదే కథ. చెప్పి వెళ్ళి, పని చూసుకుని, తిరిగొచ్చిన పిల్లని నేను. పదిహేనేళ్ళుగా నన్ను వెతుకుతూనే ఉన్నారు.

ఇప్పుడు ఆ పల్లెల్లో తాళంచెవులు దాచే ముసలివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారట. చాలా తలుపుల మీద ఉత్త ఫోన్ నంబరే ఉంటోందట... పిండి చేతులతో ఎవరూ వెంట రారు.

మీ ఇంట్లోనూ మీ గురించి, మీరు తప్ప అందరూ నమ్మే కథ ఒకటి ఉండే ఉంటుంది. అసలేం జరిగిందో కింద రాయండి. నేను నమ్ముతాను.

ఆ బడికి ఈ ఉదయం జవాబు పంపేశాను. సీటు తీసుకుంటున్నాను. సెప్టెంబరులో వెళ్తున్నాను, ఒక్కదాన్నే.