పసుపు పూయని రాయి

1964 ఆగస్టులో నేను టీచరు ట్రైనింగులో ఉన్నాను. బత్తలపల్లె దగ్గర ఒక పల్లె బడిలో నా పరీక్ష పాఠం. విషయం శిలలు, మార్కులు యాభై. ముప్పై ఐదు రాకపోతే ఆ ఏడు ఉద్యోగం లేనట్టే.

అగ్నిశిల కోసం గుట్ట మీది నల్లరాయి ముక్క, అవక్షేప శిల కోసం మా ఇంటి అరుగు నుంచి ఊడిన నాపరాయి తెచ్చుకున్నాను. రూపాంతర శిల మాత్రం దొరకలేదు. ఆ పొద్దున దారిలో, చేని గట్టున ఒక చారల రాయి కనిపిస్తే సంచిలో వేసుకున్నాను.

పరీక్షాధికారి వెనక బెంచీలో కూర్చున్నాడు.

"ఇది మొదట అగ్నిశిలే. భూమిలో కూరుకుపోయి, పై బరువుకూ లోపలి వేడికీ ఇట్లా మారింది" అంటూ రాయిని పైకెత్తాను.

అప్పుడే ఒక అవ్వ రొప్పుతూ వాకిట్లోకి వచ్చింది. "మా పెద్దమ్మను దించు పాపా!"

రాయిని బల్ల మీదికి దించాను. "పసుపూ కుంకుమా లేవు కదవ్వా, మామూలు రాయనుకున్నాను."

"మూడేండ్లుగా వాన ఈలేదని అలిగి పసుపు మానేసినాం. ఎవురన్నా ఎత్తుకపోండని చెప్పినామా?"

పరీక్షాధికారి లేచాడు. "ఇది దేవత కాదమ్మా, రూపాంతర శిల."

"అంత బరువు మోసి, అంత వేడికి కాగిందని ఈ పాపే చెప్పె గదప్పా! ఇంక దేవత కాక ఏమి?"

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన మెల్లగా చెప్పులు విడిచాడు.

నాకు నలభై ఒకటి వచ్చాయి. తొమ్మిది పోయింది పాఠానికో దొంగతనానికో ఆయన రాయలేదు. అప్పటి నుంచి ఏ రాయి కనిపించినా ముందు ఎవరిదని అడిగి, తర్వాతే ఏ రకమో చూస్తున్నాను.