పాత పోపుగారి మనిషి

మా బాబాయికి ఉన్నది ఒక్కటే అలవాటు. నిరాశపడటం. కొందరు పొద్దున్నే కాఫీ పడకపోతే మనుషులు కారు. ఈయన పొద్దున్నే ఏదో ఒకటి నాశనమైపోయిందని అనుకోకపోతే మనిషి కాడు. ఆయనది కళ్లజోళ్ల దుకాణం. వచ్చినవాళ్లు గోడమీది అక్షరాలు చివరి వరుసదాకా గడగడా చదివేసినా సరే, "ఇప్పుడంటే చదివారు లెండి, రెండేళ్లాగి చూడండి" అని నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పుకి జడిసి, కళ్లు బాగానే ఉన్నా జోడు చేయించుకుపోయినవాళ్లున్నారు.

అలాంటి మనిషికి రోములో పోపుగారు పోయారన్న కబురు తెలిసింది.

నేనప్పుడు దుకాణంలోనే ఉన్నాను. బాబాయి చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, తలుపు ఓరగా మూసి, "అయిపోయిందిరా" అన్నాడు.

"ఏమిటి?"

"అంతా. అంత మంచివాణ్ణి మళ్లీ ఎక్కణ్ణించి తెస్తారు?"

"ఇంతకుముందు పోపుగారప్పుడూ ఇదే అన్నావు బాబాయ్."

"అప్పుడూ అయిపోయింది. మిగిలింది ఇప్పుడు అయిపోయింది."

నవ్వాను గానీ, నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకూ మనసు మనసులో లేదు. మా కతోలిక గుడిలో కీబోర్డు వాయించేది నేనే. పూజలో పోపుగారికోసం ప్రార్థించే చోట, కొత్తాయన వచ్చేదాకా, పేరు చెప్పడం మానేశారు. పన్నెండేళ్లు ప్రతి ఆదివారం విన్న పేరు. చీకట్లో ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తే నేల తగిలినట్టుండేది. మాకు పెద్దదిక్కు లేకుండా పోయిందని, ఉన్న కాసిని దీపాలూ ఒక్కొక్కటే ఆరిపోతాయని, నాకూ అనిపించేది. బాబాయి బయటికి అనేవాడు, నేను లోపల అనుకునేవాణ్ణి. అంతే తేడా.

కొత్త పోపుగారి ఎన్నిక తేలిందో లేదో పొగ రంగుతో చెప్పే ఆ పొగగొట్టాన్ని టీవీలో చూపిస్తుంటే ఆయన కుర్చీ దిగలేదు. నల్లపొగ వస్తే, "చూశావా? నేను చెప్పలా?" అన్నాడు. చివరికి తెల్లపొగ వచ్చింది. పిన్ని చప్పట్లు కొట్టింది.

"అదేం తెలుపే? బూడిద రంగు!" అన్నాడు బాబాయి.

కొత్త పోపుగారు బయటికొచ్చి చెయ్యి ఊపారు. "ఆ ఊపడంలోనే తెలుస్తోంది, ఓపిక లేదు" అన్నాడు. పిన్ని టీవీ కట్టేసింది.

అసలు గొడవ ఆ పై ఆదివారం మొదలైంది. మా ముసలి ఫాదర్‌గారు పూజలో పోపుగారి పేరు చెప్పే చోటికి వచ్చారు. ఆయన నోరు తెరిచారో లేదో, మొదటి బెంచీలోంచి మా బాబాయి పాత పోపుగారి పేరు గుడి కప్పెగిరిపోయేలా అరిచాడు. పసిపిల్లలు ఏడుపందుకున్నారు. ఫాదర్‌గారి మాట ఎవరికీ వినబడలేదు. ఆ పై వారమూ అంతే. మూడో వారానికి పిన్ని, ఆయనెవరో తెలియనట్టు, వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చుంది. నేను కీబోర్డు వెనక తల దాచుకున్నాను.

గుడి కమిటీ సమావేశం పెట్టారు. కమిటీ పెద్ద బళ్లో హెడ్మాస్టరమ్మ. ఆవిడ చూస్తే గోడ గడియారం కూడా సర్దుకు నిలబడుతుంది.

"ఇది గుడండీ, ఎన్నికల సభ కాదు. కొత్త పోపుగారు మీకు నచ్చకపోతే ఇంట్లో కూర్చుని ఏడవండి."

"నాకు పాత పోపుగారే పోపుగారు" అన్నాడు బాబాయి.

"పోనీ, వెనక బెంచీకి మారండి."

"వెనకనుంచైతే ఇంకా గట్టిగా అరవాలమ్మా. నా వయసుకి కష్టం."

అందరూ ఆయన్ని తిట్టారు. ఫాదర్‌గారు మాత్రం తల వంచుకుని, తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నారు.

అరిచి అరిచి బాబాయికి గొంతు పోయి, జ్వరం వచ్చింది. ఆ ఆదివారం మొదటి బెంచీ ఖాళీ. హెడ్మాస్టరమ్మ హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఫాదర్‌గారు ఆ చోటికి వచ్చి ఆగారు. ఖాళీ బెంచీ వంక చూశారు. మెల్లిగా, పాత పోపుగారి పేరు చెప్పారు. కాదనుకుని తల అడ్డంగా ఊపి, అంతకుముందు పోపుగారి పేరు చెప్పారు. తర్వాత చేతులు చాపి అలాగే నిలబడిపోయారు. నాకు జ్ఞానస్నానం చేయించిన చేతులు, నా పెళ్లి జరిపించిన చేతులు.

నా వేళ్లు వాటంతటవే కీబోర్డు మీద పడ్డాయి. పూజ చివర వాయించే పాట. సగంమంది పూజ అయిపోయిందనుకుని లేచి నిలబడ్డారు. ఆ గందరగోళంలో ఫాదర్‌గారికి తర్వాతి వాక్యం దొరికింది.

పూజ కాగానే బాబాయి మంచం దగ్గరికి పరిగెత్తాను.

"నీకెప్పణ్ణించి తెలుసు?"

"మొదటి వారమే" అన్నాడు, గాలి తప్ప గొంతు లేదు. "ఆయన పెదాలు పాత పేరుకి తిరగడం చూశాను. అదే పేరు నేను అరిస్తే, తప్పు నాదవుతుంది గదా."

"కొత్త పేరు పెద్ద అక్షరాలతో రాసి ముందు పెట్టొచ్చుగా?"

"పెట్టాను. చదివారు. చదివి, 'ఈయనెవరు నాయనా?' అనడిగారు."

నేను వేణ్ణీళ్లందిస్తే ఓ గుక్క తాగాడు.

"బిషప్‌గారికి తెలిస్తే ముసలి ఫాదర్ల ఆశ్రమానికి పంపేస్తారురా. అక్కడ ఆయనకి ఒక్క మొహమూ తెలియదు. ఇక్కడ మన మొహాలైనా గుర్తున్నాయి."

"ఎన్నాళ్లు దాస్తావు బాబాయ్?"

"దాగదు. నెలో, రెండు నెలలో. అరిచినన్నాళ్లు అరుస్తాను."

దాగలేదు కూడా. ఆర్నెల్లకి బిషప్‌గారికి తెలిసింది. ఆయన ఫాదర్‌గారిని ఎక్కడికీ పంపలేదు, పూజ చెప్పడానికి ఒక కుర్ర ఫాదర్ని పంపి, ఈయన్ని గుడి పక్కనున్న తన గదిలోనే ఉండనిచ్చారు. అది తర్వాతి మాట. నాకు మరుపు రానిది, బాబాయి జ్వరం తగ్గి గుడికొచ్చిన ఆదివారం.

బొంగురు గొంతుతోనే మళ్లీ అరిచాడు. పూజయ్యాక గుమ్మం దగ్గర హెడ్మాస్టరమ్మ ఆయన్ని ఆపింది. మళ్లీ కమిటీయే అనుకున్నాను. ఆవిడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"మీరు కాస్త తొందరపడుతున్నారండీ. ఫాదర్‌గారు నోరు పూర్తిగా తెరిచాక అరవండి. మీకు గొంతు బాగాలేని వారం ముందుగా చెప్పండి, నేను చూసుకుంటాను."

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకుని, బళ్లో కుర్రాడిలా "అలాగేనమ్మా" అన్నాడు.